ఎంపీసీనా, బైపీసీనా.. రెండూనా?

పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన సాయంత్రం కలువాయిలో అక్కావాళ్లింటికి వెళ్లాను. మైసూర్‌పాక్ నోట్లో పెట్టుకునేలోపే మేనకోడలు బాంబు పేల్చింది. "మామా, నేను ఎంబైపీసీ తీసుకుంటా. లెక్కలూ కావాలి, బయాలజీ కూడా కావాలి!" (తన పేరు రాయొద్దని గట్టిగా చెప్పింది. రాయను.)

బావ నా మొహం చూశాడు. నిమ్మతోట మీద బతికే మనిషి. బస్తా రేటు ఎట్టుంటే ఆ ఇంట్లో ఫీజులు అట్టా. "ఏంది బామ్మర్దీ ఇది? గ్రూపంటే ఏదో ఒకటే కదా!" అన్నాడు.

ఒకప్పుడు అంతే. 2025-26 నుంచి మన ఏపీ ఇంటర్ బోర్డు చాలా మార్చేసింది. ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది. మ్యాథ్స్ ఏ, బీ పేపర్లు కలిసి ఒకటయ్యాయి. బోటనీ, జువాలజీ కలిసి బయాలజీ అయ్యాయి. ఇష్టమున్నవాళ్లు లెక్కలు, బయాలజీ రెండూ చదువుకునే దారి కూడా తెరిచింది. అదే ఎంబైపీసీ. వినడానికి భలే ఉంది. ఏ తలుపూ మూయక్కర్లేదు.

నాకు మాత్రం కడుపులో తిప్పింది. ఎందుకంటే అన్ని తలుపులూ తెరిచి పెట్టుకుందామని ఒకప్పుడు నేనూ అనుకున్నా.

2017లో నెల్లూరులో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేరాను. ఐఐటీ బ్యాచ్ కావాలని అడిగింది నేనే, ఎవరూ తోయలేదు. మామూలు బ్యాచ్‌లో ఉంటే పరువు తక్కువనిపించింది. జేఈఈ మెయిన్, అడ్వాన్స్‌డ్, ఎంసెట్, ఐపీఈ.. నాలుగూ నెత్తిన పెట్టుకున్నా. సెకండియర్‌కి వచ్చేసరికి రోజూ ఏదో ఒక టెస్టు. ఇంటర్ సిలబస్ ఏముందిలే, జనవరిలో చూసుకోవచ్చు అనుకున్నా. జనవరి వచ్చింది. నేను చూసుకోలేదు.

గ్రూపు మార్కులు 600కి 482. మామూలు బ్యాచ్‌లో ఉన్న నా రూమ్మేట్‌కి 570. ఎంసెట్ పేపర్లో ఇద్దరికీ ఇంచుమించు ఒకే మార్కులు. కానీ అప్పట్లో ర్యాంకులో 25 శాతం ఇంటర్ గ్రూపు మార్కులదే. ఆ 88 మార్కుల తేడా అంటే సుమారు 3.7 పాయింట్లు. 160 ప్రశ్నల ఎంసెట్‌లో అది దాదాపు 8 ప్రశ్నలతో సమానం! వాడికి కంప్యూటర్ సైన్స్ వచ్చింది. నాకు రాలేదు. అడ్వాన్స్‌డ్ సంగతి అడగొద్దు. (ఈ వెయిటేజీ ఏటా ఎలా ఉందో నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, సీనియర్ల మాట నమ్మొద్దు.)

డాలస్‌లో ఉన్న మా పెదనాన్న మనవడు ఓసారి ఫోన్లో "సీనియర్ ఇయర్‌లో నావి ఐదు ఏపీలు" అన్నాడు. "మాకు ఒక్క ఏపీనే ఎక్కువైంది నాయనా" అన్నాడు బావ. వాళ్ల ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, స్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠం. మేలో పరీక్ష, 1 నుంచి 5 వరకు స్కోరు. అక్కడ ఎంత బరువైన సబ్జెక్టులు తీసుకున్నావో కూడా చాలా యూనివర్సిటీలు చూస్తాయి. ఇక్కడ ఈఏపీసెట్, నీట్ ర్యాంకుల దగ్గర ఆ బరువు మోసినందుకు ఒక్క మార్కు కలవదు. మన పిలకాయలు ఆ తేడా తెలియకుండానే బరువెత్తుకుంటారు.

సరే, మేనకోడలితో వాదించలేదు. పేపరు, పెన్ను తీసుకున్నాం. అక్కకి నెల్లూరు హాస్టల్లో వేయాలని ఉంది. బావకి నిమ్మ రేటు గుర్తొచ్చింది. ఆత్మకూరు గవర్నమెంట్ జూనియర్ కాలేజీ అనుకున్నాం. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, స్నానం, తిండి తీసేస్తే తనకి మిగిలేది రోజుకి నాలుగు గంటలు. ఆరు సబ్జెక్టులకి నాలుగు గంటలు! అంకె చూసి తనే గమ్మునైపోయింది.

పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ లెక్కలు, బయాలజీ పుస్తకాలు తెచ్చిచ్చా. వారం రోజులు రెండూ చదువు, ఏది ఎంతసేపు పట్టిందో రాసుకో అన్నా. కణం పాఠం రాత్రి పదకొండుదాకా చదివింది, టైమ్ రాయడమే మర్చిపోయింది. లెక్కల పక్కన మాత్రం నిమిషాలతో సహా ఉంది. అన్నీ కరెక్టే చేసింది. కానీ గడియారం చూసుకుంటూ చేసింది.

బైపీసీ అని తనే చెప్పింది. నీట్ రాస్తుంది. అది కుదరకపోతే ఈఏపీసెట్‌తో అగ్రికల్చర్ బీఎస్సీ. ఆ మాట విని బావ మొహం వెలిగింది, తోటలోకి ఒక డిగ్రీ వస్తుందని.

నాకు ఒక్కటే గుబులు. బైపీసీ అంటే తేలిక అనుకునేవాళ్లు నీట్ పేపర్ చూడలేదన్నమాట. 180 ప్రశ్నల్లో బయాలజీ 90, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. తప్పుకి ఒక మార్కు కోత. చాలామంది మునిగేది ఆ 45 ఫిజిక్స్ ప్రశ్నల్లోనే. వెక్టర్లు, లాగ్‌లు, కాస్త కాలిక్యులస్ రాకపోతే అక్కడ అడుగు పడదు. ఈ సంగతి చెప్పి, లెక్కల పుస్తకం తిరిగిచ్చేయమని చెయ్యి చాపా.

"ఉండనీ మామా, ఫిజిక్స్‌కి కావాలి కదా" అంది. పుస్తకం ఇంకా తన దగ్గరే ఉంది.