వినికిడి యంత్రం, దాన్ని అమర్చే చేయి

వినికిడి యంత్రంలో మూడు భాగాలు ముఖ్యం: శబ్దాన్ని పట్టే మైకు, దాన్ని పెంచే ఆంప్లిఫయర్, చెవిలోకి వదిలే రిసీవరు. 1898లో అమెరికాలోని అలబామాలో మిల్లర్ రీస్ హచిసన్ కార్బన్ మైకుతో ‘అకౌఫోన్’ చేశాడు. తర్వాత వాల్వులు వచ్చాయి గానీ బరువైన బ్యాటరీల బెడద తీరలేదు. 1947 చివర్లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ట్రాన్సిస్టర్, రేడియోలోకి చేరకముందే 1952 చివర్లో వినికిడి యంత్రంలోకి చేరింది. 1996లో పూర్తి డిజిటల్ యంత్రాలు బజారుకొచ్చాక, ఏ శబ్దాన్ని ఎంత పెంచాలో కంప్యూటర్‌లో నిర్ణయించే వీలు కలిగింది. అప్పటి నుంచి అమర్చేవారి పని మరింత సూక్ష్మమైంది.

ఆ సూక్ష్మత ఎందుకు అవసరమో తెలంగాణలోని మేళ్లచెరువు ప్రాంతంలో బాగా తెలుస్తుంది. సున్నపురాయి నేల కావడంతో ఇక్కడ సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. సిమెంటు క్లింకర్‌ను పొడిచేసే బాల్‌మిల్లు దగ్గర మాట్లాడాలంటే అరవాల్సిందే. కర్మాగారాల నిబంధనల్లో 8 గంటల పనికి హద్దు 90 డెసిబెళ్లు. చప్పుడు వల్ల వచ్చే చెవుడును 1948 కర్మాగారాల చట్టం మూడో షెడ్యూలులోని వ్యాధుల్లో చేర్చారు. అది మొదట దెబ్బతీసేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడిని. అచ్చులు వినపడతాయి, స, త, ప వంటి హల్లులు జారిపోతాయి; ‘సాకు’, ‘తాకు’, ‘పాకు’ ఒక్కలాగే తోస్తాయి. గొంతు వినపడుతోంది, మాట తెలియడం లేదని బాధితులు చెప్పేది ఇందుకే. అలాంటి చెవికి అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచితే గోలే పెరుగుతుంది.

అమర్చేవారు ముందు ఆటోస్కోపుతో చెవిలోకి చూడాలి. గులిమి ఉంటే తీయించాలి; చీము కారుతున్నా, కర్ణభేరికి చిల్లు కనబడినా ఈఎన్‌టీ వైద్యుడి దగ్గరికి పంపాలి. వినికిడి స్థాయిని చూపే ఆడియోగ్రామ్ తీశాక చెవి అచ్చు తీసుకోవాలి. దారం కట్టిన చిన్న స్పాంజి అడ్డు పెట్టి, సిలికాన్ ముద్దను సిరంజితో నింపి, గట్టిపడ్డాక బయటికి తీస్తారు. చేతి నేర్పు తేలేది ఇక్కడే. అచ్చు వదులైతే శబ్దం మైకులోకి తిరిగొచ్చి యంత్రం కీచుమంటుంది. బిగువైతే చెవి పుండవుతుంది. పూర్తిగా మూసుకుపోతే సొంత గొంతు కుండలో మాట్లాడినట్టుంటుంది కాబట్టి, అవసరాన్ని బట్టి సన్నని రంధ్రం ఉంచుతారు. ఆపైన సన్నని గొట్టాన్ని కర్ణభేరి దాపుకు పంపి, అక్కడికి చేరే శబ్దాన్ని కొలవాలి. ఒకే యంత్రం ఇద్దరి చెవుల్లో ఒకేలా పలకదు. దెబ్బతిన్న చెవికి మెల్లని మాట వినపడకపోయినా పెద్ద చప్పుడు భరించరానిది కావచ్చు గనుక పైహద్దు కూడా పెట్టాలి.

పెద్దవాళ్లు మొహమాటానికి ‘బాగానే ఉంది’ అనేస్తారు. అందుకే తెలుగు మాటలే వినిపించి, తిరిగి చెప్పించాలి, ఇంట్లోవాళ్లనూ అడగాలి. జింక్-ఎయిర్ బ్యాటరీ స్టిక్కరు తీసి నిమిషం ఆగి వేయాలని, సిమెంటు దుమ్ము మైకు రంధ్రాన్ని పూడ్చకుండా చూసుకోవాలని ఓపికగా నేర్పాలి.

ఈ వృత్తికి ప్రధాన చదువు వినికిడి, మాట సమస్యలపై డిగ్రీ అయిన బీఏఎస్‌ఎల్‌పీ: ఇంటర్ సైన్స్ తర్వాత మూడేళ్లు, ఇంటర్న్‌షిప్ మరో ఏడాది. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. 1965లో ఏర్పడిన మైసూరు వాక్ శ్రవణ సంస్థ చెవి అచ్చులు, యంత్రాల మరమ్మతు నేర్పే డిప్లొమా కూడా నడిపింది. చదువులో నేర్చినదానికి పరీక్ష యంత్రం అమర్చిన తర్వాతి వారాల్లో ఎదురవుతుంది. ఏళ్లుగా నిశ్శబ్దానికి అలవాటైన మెదడుకు గిన్నెల చప్పుడు, ఫ్యాను హోరు కూడా బరువే. అందుకని శబ్దాన్ని తక్కువలో మొదలుపెట్టి, పిలిచి మాట్లాడుతూ విడతలుగా పెంచుతారు.