కారులో కూత.. కనిపెడితే కొలువుకు బాట!

పాటలు అదిరిపోవాలని మీ బావగారు కారులో కొత్త ఆంప్లిఫయర్ పెట్టించారు. డోర్లలో కొత్త స్పీకర్లు, డిక్కీలో సబ్ ఊఫర్. ఇంజిన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు అంతా బాగానే ఉంది. స్టార్ట్ చేయగానే పాట వెనక సన్నగా ‘కుయ్య్..’మని కూత. యాక్సిలరేటర్ తొక్కితే ఆ కూత కూడా పైకి లేస్తోంది. షాపుకెళ్తే ‘స్పీకర్లు మార్చాలి సార్’ అన్నారు. మార్చారు. కూత పోలేదు. డబ్బులు మాత్రం పోయాయి. ఇక ఆయన మీవైపు తిరిగి ‘నువ్వు ఈసీఈ చదివావు కదా, ఇదేంటో చూడు’ అన్నారనుకోండి. ఏం చేస్తారు?

కెరియర్ పేజీలో కారు గోల ఎందుకు అనుకోవద్దు. ‘ప్రాబ్లమ్ సాల్వింగ్ స్కిల్స్’ అని రెజ్యూమెలో అందరూ రాస్తారు. ‘ఒక ఉదాహరణ చెప్పండి’ అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది దగ్గర సమాధానం ఉండదు. కోర్ కంపెనీల్లో టెస్టింగ్, వ్యాలిడేషన్, సర్వీస్ ఉద్యోగాలకు కావాల్సింది ఒక్కటే: ఊహతో భాగాలు మార్చడం కాదు, పరీక్షతో తప్పు ఎక్కడుందో తేల్చడం. ఆ పద్ధతి నేర్చుకోవడానికి కారు ఆడియో కంటే చవకైన ల్యాబ్ దొరకదు. కావాల్సింది కొన్ని వందల రూపాయల మల్టీమీటర్, కాస్త ఓపిక.

ముందు వినండి.. తర్వాతే విప్పండి

డాక్టర్ దగ్గరికి వెళ్తే మందు రాసే ముందు లక్షణాలు అడుగుతారు. ఇక్కడా అంతే. స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే శబ్దం ఎలా ఉందో పుస్తకంలో రాసుకోండి.

* ఇంజిన్ వేగంతో పాటు స్థాయి మారే కూత: ఆల్టర్నేటర్ నుంచి వస్తోంది. సాధారణంగా గ్రౌండ్ సమస్య.
* ఇంజిన్ వేగంతో పాటు పెరిగే టకటక శబ్దం: పెట్రోల్ కారైతే స్పార్క్ ప్లగ్‌లు, ఇగ్నిషన్ వైపు చూడాలి. డీజిల్ కారులో స్పార్క్ ప్లగ్‌లే ఉండవు కాబట్టి ఈ అనుమానం కొట్టేయొచ్చు.
* ఇంజిన్‌తో సంబంధం లేకుండా ఎప్పుడూ ఉండే ‘స్స్స్’: ఆంప్లిఫయర్ గెయిన్ ఎక్కువగా పెట్టారు.
* ఫోన్ చార్జర్ గుచ్చినప్పుడే గోల: చార్జర్‌లోని స్విచింగ్ సర్క్యూట్. ఎఫ్ఎం రేడియోలో మాత్రమే వస్తుంటే డ్యాష్ కెమెరా చార్జర్, యాంటెన్నా కనెక్షన్ చూడండి.
* కొన్ని పాటలకే డోర్ దగ్గర గడగడ: ఇది కరెంటు సమస్యే కాదు. డోర్ ప్యానెల్ క్లిప్పులు వదులయ్యాయి.

చూశారా? ఒక్క టూల్ కూడా వాడకుండా సగం అనుమానాలు తీసేశాం.

ఆ కూత ఎక్కడ పుడుతుంది?

సెకండియర్ మెషీన్స్ సబ్జెక్టు గుర్తు తెచ్చుకోండి. ఆల్టర్నేటర్ తయారు చేసేది త్రీ ఫేజ్ ఏసీ. లోపలున్న ఆరు డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. ఆ డీసీ పూర్తిగా నున్నగా ఉండదు. మీద చిన్న చిన్న అలలు మిగులుతాయి. అదే రిపుల్.

ఇప్పుడో చిన్న లెక్క. ఇంజిన్ ఐడిల్‌లో నిమిషానికి 800 సార్లు తిరుగుతోంది. పుల్లీ నిష్పత్తి 3 అనుకుంటే ఆల్టర్నేటర్ 2400 సార్లు, అంటే సెకనుకు 40 సార్లు తిరుగుతుంది. 12 పోల్స్, అంటే 6 జతలు ఉంటే ఒక్కో ఫేజ్ ఫ్రీక్వెన్సీ 240 హెర్ట్జ్. ఒక్కో సైకిల్‌కు 6 అలలు కాబట్టి రిపుల్ 1440 హెర్ట్జ్. యాక్సిలరేటర్ తొక్కి ఇంజిన్‌ను 2400కు తీసుకెళ్తే అది 4320 హెర్ట్జ్ అవుతుంది. మన చెవి బాగా పట్టుకునేది సుమారు 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్య శబ్దాలనే. అందుకే అంత చిన్న అల కూడా అంతగా విసిగిస్తుంది.

రిపుల్ అన్ని కార్లలోనూ ఉంటుంది. బ్యాటరీ దాన్ని చాలావరకు మింగేస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్‌ను ఏసీ వోల్టులకు మార్చి బ్యాటరీ టెర్మినళ్ల మధ్య చూడండి. అర వోల్టు దాటితే ఆల్టర్నేటర్ డయోడ్లను అనుమానించాలి. డీసీలో చూస్తే ఇంజిన్ ఆఫ్‌లో సుమారు 12.6 వోల్టులు, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. ఇవి సరిగ్గా ఉంటే ఆల్టర్నేటర్ తప్పేం లేదు. రిపుల్ పాటలోకి ఎలా దూరుతోందన్నదే అసలు ప్రశ్న.

ఓమ్ లా దొంగను పట్టిస్తుంది

డ్యాష్‌బోర్డులోని స్టీరియోకు ముందు భాగంలో ఒక చోట గ్రౌండ్ ఉంటుంది. మన ఆటో ఎలక్ట్రీషియన్లు దాన్నే ‘ఎర్త్’ అంటారు. డిక్కీలోని ఆంప్లిఫయర్‌కు వెనక మరో చోట. రెండూ కారు బాడీనే కదా, రెండు చోట్లా సున్నా వోల్టులే కదా అనుకుంటాం. పుస్తకంలో అయితే అంతే. కారులో కాదు.

400 వాట్ల క్లాస్ డి ఆంప్లిఫయర్ 80 శాతం సామర్థ్యంతో పని చేస్తే, పూర్తి శక్తి దగ్గర 500 వాట్లు లాగుతుంది. 13.8 వోల్టుల దగ్గర అది సుమారు 36 ఆంపియర్లు. రంగు మీదే బోల్టు బిగించడం వల్ల ఆ గ్రౌండ్ జాయింట్‌లో 0.01 ఓమ్ నిరోధం ఉందనుకుందాం. ఓమ్ లా ప్రకారం అక్కడ 0.36 వోల్టుల తేడా వస్తుంది. స్టీరియో నుంచి ఆర్‌సీఏ కేబుల్‌లో వచ్చే పాట సిగ్నలే గట్టిగా అయితే 2 నుంచి 4 వోల్టులు. నెమ్మదైన చోట్ల అందులో ఎన్నో వంతో. రెండు గ్రౌండ్ల మధ్య తేడా ఉన్నప్పుడు ఆ కరెంటు ఆర్‌సీఏ కేబుల్ పైపొర గుండా కూడా దారి వెతుక్కుంటుంది. రిపుల్ దాని వెంటే వచ్చి పాటలో కలిసిపోతుంది. దీనికే గ్రౌండ్ లూప్ అని పేరు.

సగానికి సగం కోసుకుంటూ..

బైనరీ సెర్చ్ చదివారు కదా. ఇక్కడ పనికొచ్చేది అదే. గొలుసు మధ్యలో తెంపి, తప్పు ఏ సగంలో ఉందో చూడటం. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో తెలియదు.

1. ఇంజిన్ నడుస్తుండగా వాల్యూమ్ సున్నాకు తెచ్చి వినండి. కూత అలాగే ఉంటే అది వాల్యూమ్ కంట్రోల్ తర్వాత ఎక్కడో దూరుతోంది. వాల్యూమ్‌తో పాటు తగ్గితే అంతకు ముందు, అంటే స్టీరియో లోపలో, ఫోన్ లేదా ఆక్స్ కేబుల్ దగ్గరో ఉంది.

2. కూత అలాగే ఉందనుకుందాం. సిస్టమ్ పూర్తిగా ఆఫ్ చేసి, ఆంప్లిఫయర్ నుంచి ఆర్‌సీఏ కేబుళ్లు తీసి, మళ్లీ ఆన్ చేయండి. ఆన్‌లో ఉండగా మాత్రం వాటిని పీకొద్దు. కూత పోతే అది ఆ కేబుళ్ల మీదుగా వస్తోంది. పోకపోతే ఆంప్లిఫయర్ పవర్, గ్రౌండ్, స్పీకర్ వైర్లలో ఉంది.

3. కూత పోయిందా? చార్జర్‌కు కలపని ఫోన్‌ను చిన్న కేబుల్‌తో నేరుగా ఆంప్లిఫయర్‌కు కలపండి. పాట శుభ్రంగా వస్తే ఆంప్లిఫయర్ నిర్దోషి. ఇప్పుడు ఇంకో ఆర్‌సీఏ కేబుల్‌ను సీట్ల మీదుగా స్టీరియో దాకా పరవండి. అప్పుడు కూత లేకపోతే పాత కేబుల్, లేదా అది వెళ్లే దారి తప్పు. పవర్ కేబుల్ పక్కనే వేసి ఉంటారు. రెండింటినీ కారుకు చెరోవైపు నడపాలి. దాటాల్సి వస్తే అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించాలి. అప్పటికీ ఉంటే స్టీరియో గ్రౌండ్ చూడాలి.

4. రెండో మెట్టులో కూత పోలేదా? ఇంజిన్ నడుస్తూ, పాట గట్టిగా మోగుతుండగా మల్టీమీటర్ ఒక ప్రోబ్‌ను బ్యాటరీ నెగటివ్‌కు, రెండోదాన్ని ఆంప్లిఫయర్ గ్రౌండ్ టెర్మినల్‌కు పెట్టండి. అవసరమైతే పొడవాటి వైరు కలపండి. డీసీ రీడింగ్ ఎంత తక్కువుంటే అంత మంచిది. పాట దరువుకు తగ్గట్టు పెరుగుతూ తగ్గుతుంటే దొంగ దొరికినట్టే.

వైద్యం సులువు. ఎమరీ పేపర్‌తో రంగు గీకి, తళతళలాడే ఇనుము కనిపించాక, రింగ్ టెర్మినల్ పెట్టి గట్టిగా బోల్టు బిగించాలి. గ్రౌండ్ వైరు పవర్ వైరంత లావు ఉండాలి, అర మీటరు దాటకూడదు. సీటు బెల్టు బోల్టును మాత్రం ఇందుకు వాడొద్దు. అది ప్రాణం కాపాడే బోల్టు.

గోల లేదు.. కానీ సౌండ్ బాలేదు!

ఇదో రకం ఫిర్యాదు. ‘అంత ఖర్చు పెట్టినా కంపెనీ స్పీకర్లే నయం’ అంటుంటారు. మూడు చోట్ల చూడండి.

పోలారిటీ: ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తిరగబడితే ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది. బేస్ రెండింటి మధ్య కొట్టుకుపోతుంది. స్పీకర్ వైర్లను ఆంప్లిఫయర్ నుంచి తీసి, 1.5 వోల్టుల సెల్‌ను క్షణం పాటు తాకించండి. సెల్ ప్లస్‌ను స్పీకర్ ప్లస్ వైరుకు తాకిస్తే కోన్ బయటకు రావాలి. లోపలికి వెళ్తే వైర్లు తారుమారయ్యాయి. ట్వీటర్లకు ఈ పరీక్ష పనికిరాదు.

గెయిన్: ఇది వాల్యూమ్ నాబ్ కాదు. స్టీరియో సిగ్నల్‌కు, ఆంప్లిఫయర్‌కు జోడీ కుదిర్చే నాబ్. చివరిదాకా తిప్పేస్తే పాట అలల తలలు తెగుతాయి. దాన్నే క్లిప్పింగ్ అంటారు. స్పీకర్లు కాలిపోవడానికి అదో ముఖ్య కారణం. 4 ఓమ్‌ల స్పీకర్‌కు 50 వాట్లు కావాలంటే వోల్టేజీ, 50ని 4తో గుణించి వర్గమూలం తీస్తే వస్తుంది. అంటే సుమారు 14.1 వోల్టులు. స్పీకర్లు విప్పి, స్టీరియో వాల్యూమ్ ముప్పాతిక దగ్గర పెట్టి, 50 హెర్ట్జ్ టోన్ వేసి, మల్టీమీటర్ ఏసీలో అంత చూపేదాకా గెయిన్ పెంచి ఆపేయాలి. చవక మల్టీమీటర్లు 50 హెర్ట్జ్ చుట్టుపక్కలే సరిగ్గా చూపుతాయి కాబట్టి ఆ టోన్. హై పాస్ ఫిల్టర్ ఉంటే ఆ కాసేపు ఆఫ్ చేయండి.

డోర్: స్పీకర్ చుట్టూ సందులుంటే ముందు గాలి, వెనక గాలి కలిసిపోయి బేస్ చచ్చిపోతుంది. స్పీకర్ అంచుకు ఫోమ్ టేపు వేయండి. ప్యానెల్ క్లిప్పులు సరిచేయండి. ఒక్కోసారి కొత్త స్పీకర్ల కంటే ఇదే ఎక్కువ తేడా చూపిస్తుంది.

ఫిల్టర్ పెట్టేస్తే పోదా?

పోవచ్చు. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బా కూతను ఆపుతుంది. కానీ లోపల చవక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే బేస్‌ను కూడా తినేస్తుంది. పైగా వదులు గ్రౌండ్ అలాగే ఉంటుంది, భారీ కరెంటుకు వేడెక్కుతుంది. జ్వరానికి కారణం చూడకుండా మాత్ర వేసుకున్నట్టే.

ఇంకో రెండు జాగ్రత్తలు. బ్యాటరీ నుంచి వచ్చే పవర్ వైరుకు 45 సెంటీమీటర్లలోపే ఫ్యూజు ఉండాలి. అది కాపాడేది ఆంప్లిఫయర్‌ను కాదు, వైరును. ఫ్యూజు లేని వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే మంటలే. అలాగే పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగులవి, వాటి జోలికి పోవద్దు. ఏ వైరు ముట్టుకున్నా ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

ఇంటర్వ్యూలో ఇలా చెప్పండి

ఈ అనుభవాన్ని కథలా కాదు, అయిదు మెట్లుగా చెప్పాలి: లక్షణం, అనుమానం, పరీక్ష, ఫలితం, నిర్ధారణ. ఉదాహరణకు:

‘‘ఇంజిన్ వేగంతో పెరిగే కూత వచ్చింది. గ్రౌండ్ లూప్ అని అనుమానించాను. ఆర్‌సీఏ తీసినా పోలేదు కాబట్టి స్టీరియోను పక్కన పెట్టాను. లోడ్ మీద గ్రౌండ్ జాయింట్‌లో వోల్టేజ్ డ్రాప్ కొలిచాను. జాయింట్ శుభ్రం చేసి మళ్లీ కొలిస్తే తగ్గింది, కూత పోయింది. పాత జాయింట్ తిరిగి పెట్టి చూస్తే కూత మళ్లీ వచ్చింది.’’

ఆ చివరి వాక్యం విలువైంది. సరిచేశాక తప్పును కావాలని తిరిగి తెచ్చి చూడటమే నిర్ధారణ. కాకతాళీయంగా పోయిన సమస్యకు, మీరు పోగొట్టిన సమస్యకు తేడా అక్కడే తెలుస్తుంది. మీరు కొలిచిన అంకెలు గుర్తుంటే అవి చెప్పండి. కొలవని అంకెలు మాత్రం చెప్పొద్దు. రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

అవకాశాలు ఎక్కడ?

ఒక పరికరం గోల ఇంకో పరికరాన్ని ఇబ్బంది పెట్టకుండా చూడటమే ఒక పెద్ద విభాగం. దాన్ని ఈఎంసీ అంటారు. వాహనాల్లోని రిసీవర్లను కాపాడేందుకు సిస్పర్ 25 అనే అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల్లో ఇందుకు ప్రత్యేక ల్యాబులున్నాయి. హైదరాబాద్‌లో హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం, జడ్ఎఫ్ టెక్నాలజీ సెంటర్ పని చేస్తున్నాయి. పెనుకొండ దగ్గర కియా ప్లాంటు 2019 నుంచి కార్లు తయారు చేస్తోంది. ఎలక్ట్రిక్ కార్లలో ఆల్టర్నేటర్ ఉండదు. ఇన్వర్టర్, డీసీ-డీసీ కన్వర్టర్ మాత్రం ఉంటాయి, అవీ గోల పుట్టించేవే. కాబట్టి ఈ పని తగ్గేది కాదు.

వెతికేటప్పుడు ‘ఈఎంసీ ఇంజినీర్’, ‘హార్డ్‌వేర్ వ్యాలిడేషన్’, ‘ఇన్ఫోటైన్‌మెంట్ టెస్టింగ్’, ‘వైరింగ్ హార్నెస్ డిజైన్’ అనే పేర్లతో చూడండి. ఐటీఐ వాళ్లకు మెకానిక్ ఆటో ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ట్రేడ్ ఉంది. ఈఈఈ, ఈసీఈ వాళ్లు ఆసిలోస్కోప్ వాడకం, క్యాన్ బస్ బేసిక్స్ మీద పట్టు పెంచుకుంటే మంచిది.

ఈ ఆదివారమే మొదలుపెట్టొచ్చు. కారే అక్కర్లేదు. ఇంట్లో గుర్రుమంటున్న హోమ్ థియేటర్ అయినా సరే. పేజీని అయిదు గడులుగా గీసి, ఒక్కో పరీక్షకు ఒక్కో వరుస రాయండి. అలాంటి పేజీలు నాలుగు పోగైతే రెజ్యూమెలో ఆ ‘ప్రాబ్లమ్ సాల్వింగ్’ మాట తీసేయొచ్చు. దాని బదులు ఏ సమస్యను ఎలా తేల్చారో ఒక్క వాక్యం రాస్తే చాలు.