విమానం వచ్చింది, మరి బయల్దేరదేం? అపోహలు – వాస్తవాలు

ఎయిర్‌పోర్టులో గేటు దగ్గర వినిపించే గొడవలు చాలావరకు ఒక్క ఊహ మీద నిలబడి ఉంటాయి: నా టికెట్టుకు ఒక విమానం ఉంది, దానికి ఇద్దరు పైలట్లున్నారు, నా కోసమే వాళ్లు వచ్చారు. ఎయిర్‌లైన్ ఆపరేషన్స్ గదిలోకి వెళ్లి చూస్తే లెక్క ఇలా ఉండదు. విమానాలది ఒక వరుస, పైలట్లది ఇంకో వరుస, క్యాబిన్ సిబ్బందిది మరొకటి. మరమ్మతుల క్యాలెండరు వేరే. ఇవన్నీ ఒక గేటు దగ్గర ఒకే సమయానికి కలిస్తేనే మన ప్రయాణం. అపోహలు పుట్టేది ఈ అతుకుల దగ్గరే.

అపోహ: ఇక్కడ ఎండ కాస్తోంది, వాతావరణం బాగాలేదని అబద్ధం చెబుతున్నారు

మన దేశంలో ఎయిర్‌బస్ ఎ320 లాంటి విమానం రోజుకు ఐదారు ట్రిప్పులు వేస్తుంది. పొద్దున్నే ఢిల్లీలో మొదలై హైదరాబాద్, విశాఖ, మళ్లీ హైదరాబాద్ తిరిగి, సాయంత్రానికి తిరుపతి చేరవచ్చు. జనవరి పొగమంచుకు అది ఢిల్లీలో మూడు గంటలు ఇరుక్కుంటే, ఆ ఆలస్యం సాయంత్రం తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంటలో ఎండలో నిలబడ్డవాళ్ల నెత్తిన పడుతుంది.

మధ్యలో కోలుకునే వీలు తక్కువ. దిగిన విమానాన్ని అరగంటలో తిప్పి పంపాలన్నది చవక విమాన సంస్థల లెక్క. చక్రాలకు దిమ్మెలు పెట్టగానే ఒక పక్క మెట్లు, ఇంకో పక్క పొట్ట కింద సామాన్ల బెల్టు, రెక్క దగ్గర ఇంధనం గొట్టం. ఇంజనీరు టార్చిలైటుతో ఇంజన్ల చుట్టూ తిరిగి లాగ్‌బుక్కులో సంతకం పెట్టాలి. లోపల సీటు జేబుల్లో చెత్త తీయాలి. చెక్-ఇన్ చేసినవాళ్లలో ఒకరు ఎక్కడానికి రాలేదంటే వాళ్ల సూట్‌కేసు వెతికి దించాలి. ఇంత పనిలో మూడు గంటలు ఎక్కడ మిగుల్చుతారు?

పొగమంచుదే ఇంకో సంగతి. ‘పక్క కంపెనీ విమానం దిగింది, మాది జైపూర్ ఎందుకు పోయింది?’ అని అడుగుతారు. దట్టమైన పొగమంచులో దిగేందుకు తోడ్పడే క్యాట్-3 పరికరాలు రన్‌వేకు ఉంటే చాలదు. విమానానికీ, ఆ రోజు నడుపుతున్న ఇద్దరు పైలట్లకూ కూడా ఆ అర్హత ఉండాలి.

అపోహ: టికెట్టు మీద ఉన్నది గాల్లోకి లేచే సమయం

అది విమానం నిలిచిన చోటు నుంచి కదిలే సమయం. చక్రాల దిమ్మెలు తీసినప్పటి నుంచి అవతలి ఊళ్లో మళ్లీ దిమ్మెలు పెట్టేదాకా ఉన్న వ్యవధిని బ్లాక్ టైమ్ అంటారు. హైదరాబాద్–విజయవాడ ప్రయాణం టికెట్టు మీద గంట అటూ ఇటుగా కనిపించినా, గాల్లో ఉండేది అంతకన్నా బాగా తక్కువ. సంస్థలు ఈ బ్లాక్ టైమ్‌ను కాస్త సాగదీసి రాసుకుంటాయి కూడా. 15 నిమిషాల లోపు ఆలస్యమైతే ‘సకాలంలో’ అనే లెక్క కాబట్టి, సాగదీత పేపర్లో మంచి మార్కులు తెచ్చిపెడుతుంది. లేటుగా బయల్దేరి ముందే దిగిన విమానం వెనక పైలట్ గొప్పతనం కన్నా బ్లాక్ టైమ్‌ను సాగదీసి రాసిన గుమాస్తా తెలివే ఎక్కువసార్లు కనిపిస్తుంది.

అపోహ: విమానం వయసు ఎన్నేళ్లో తెలిస్తే చాలు

ఏళ్లు ఒక లెక్క, ఎగిరిన గంటలు ఒక లెక్క, సైకిళ్లు ఇంకో లెక్క. ఒకసారి లేచి ఒకసారి దిగితే ఒక సైకిల్. పైకెళ్లిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి విమానం గొట్టం కాస్త ఉబ్బుతుంది, దిగితే మళ్లీ మామూలవుతుంది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎక్కడో ఒకచోట బీట వేసినట్టు, లోహం అలసిపోతుంది.

1988 ఏప్రిల్ 28న హవాయిలో హిలో నుంచి హొనొలులు వెళ్తున్న అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు 24,000 అడుగుల ఎత్తులో సుమారు 18 అడుగుల పొడవున ఎగిరిపోయింది. ఒక క్యాబిన్ ఉద్యోగిని చనిపోయింది. మిగతా 94 మందితో పైలట్లు మావీ దీవిలో దించగలిగారు. ఆ విమానం వయసు 19 ఏళ్లు, ఎగిరింది 35,496 గంటలు. ఈ రెండూ చూసి ఎవరూ భయపడరు. సైకిళ్లు మాత్రం 89,680. దీవుల మధ్య ఇరవై, ముప్పై నిమిషాల ట్రిప్పులు వేసివేసి అంతయ్యాయి. సముద్రపు ఉప్పుగాలికి తుప్పు తోడైంది. విమానాలు ముసలివవుతుంటే తనిఖీలు ఎలా ఉండాలన్న ఆలోచనే ఆ ప్రమాదం తర్వాత మారింది.

అమెరికా వెళ్లే పెద్ద విమానం రోజంతా ఎగిరినా ఒకటి రెండు సైకిళ్లే. హైదరాబాద్ నుంచి కడపకో రాజమండ్రికో తిరిగే చిన్న ఏటీఆర్ మధ్యాహ్నం లోపే అంతకు మించిపోతుంది. అందుకే తనిఖీల గడువులు గంటలు, సైకిళ్లు, నెలలు ఈ మూడింటిలో ఏది ముందొస్తే దాని ప్రకారం పడుతుంటాయి. అన్నిటికన్నా భారీ తనిఖీలో సీట్లు, గోడలు, నేల పలకలు ఊడదీసి అస్థిపంజరం చూస్తారు. శంషాబాద్ హ్యాంగర్లలో ఇలాంటి పెద్ద తనిఖీలు జరుగుతుంటాయి.

అపోహ: లోపం ఉన్న విమానం ఒక్క అడుగు కదలకూడదు

ఏ పరికరం పనిచేయకపోయినా, ఏయే షరతులతో, ఎన్ని రోజులు ఎగరవచ్చో చెప్పే జాబితా ఒకటుంది. దాన్ని ఎంఈఎల్ అంటారు. కొన్ని లోపాలకు 3 రోజులు, కొన్నిటికి 10, కొన్నిటికి 120 రోజుల గడువు. జాబితాలో లేని, భద్రతకు అవసరమైన భాగం పాడైతే విమానం ఆగాల్సిందే. తోక దగ్గరుండే చిన్న సహాయక ఇంజన్ పనిచేయకపోయినా ఎగరడానికి అనుమతి ఉంటుంది. నేల మీద ఏసీని నడిపేది అదే కాబట్టి అప్పుడు గేటు దగ్గర మనకు చెమటలు పడతాయి. ఇంజన్లు స్టార్ట్ చేసేటప్పుడు కాసేపు ఏసీ ఆగడం మామూలే, గాలిని ఆ పనికి మళ్లిస్తారు.

అపోహ: రంగు ఎవరిదో విమానం వాళ్లదే

మన దేశంలో ఎక్కువ విమానాలు అద్దెవే. విమానం మాత్రమే తెచ్చుకుంటే డ్రై లీజు. సిబ్బంది, మరమ్మతులు, బీమాతో సహా తెస్తే వెట్ లీజు. ఇండిగో 2023లో ఇస్తాంబుల్ రూటుకు టర్కిష్ ఎయిర్‌లైన్స్ నుంచి బోయింగ్ 777లను తెచ్చి నడిపింది. 2023 మేలో గో ఫస్ట్ విమాన సంస్థ దివాలా పిటిషన్ వేసినప్పుడు అసలు యజమానులు తమ విమానాలు తమకిమ్మన్నారు. దివాలా ప్రక్రియలో ఆస్తులు తీసుకుపోకుండా ఆపే మారటోరియం అడ్డుపడింది. చివరికి 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దు చేయమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించేసరికి 2024 ఏప్రిల్ వచ్చింది. ఏడాది పాటు ఎండకు వానకు నిలబడ్డ ఇంజన్ల సంగతి వేరే చెప్పాలా? ఈ చిక్కు తీర్చడానికే 2025లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది.

టికెట్ల విషయంలోనూ ఇంతే. హైదరాబాద్ నుంచి లండన్ మీదుగా డాలస్ వెళ్లే పిల్లల టికెట్టు మొత్తం బ్రిటిష్ ఎయిర్‌వేస్ నంబర్లతో ఉన్నా, లండన్‌లో ఎక్కేది అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానం కావచ్చు. నడిపేదెవరన్నది నంబరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏ టెర్మినల్‌కు వెళ్లాలో తేల్చేది ఆ చిన్న అక్షరాలే.

అపోహ: ట్యాంకు నిండా పోస్తే మంచిదేగా

మోసిన ఇంధనం కూడా ఇంధనం తాగుతుంది. పైగా ఎ320 నియో దాదాపు 79 టన్నులతో లేవగలదు కానీ సుమారు 67 టన్నులకు మించి దిగకూడదు. గమ్యానికి సరిపడా, దానికి కొంత అదనం, ప్రత్యామ్నాయ ఎయిర్‌పోర్టు దాకా, ఆ పైన 30 నిమిషాల నిల్వ: నియమం ఇలా ఉంటుంది.

అపోహ: ‘డ్యూటీ టైమ్ అయిపోయింది’ అని పైలట్లు దిగిపోవడం మొండితనం

ఆ గడువు దాటి నడపడం చట్టవిరుద్ధం. అలసిపోయిన పైలట్‌కు తను అలసిపోయానని తెలియదు, అందుకే ఆ నిర్ణయం అతని చేతిలో పూర్తిగా పెట్టలేదు. కొత్త నియమాలతో వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది, రాత్రి వేళ దిగడాలు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. ఆ నియమాల రెండో విడత 2025 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. దానికి తగినంత సిబ్బందిని సిద్ధం చేసుకోని ఇండిగో డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా ఫ్లైట్లు రద్దు చేసింది. విమానాలు ఉన్నాయి, ప్రయాణికులు ఉన్నారు, ఎగిరేందుకు అర్హత మిగిలిన పైలట్లు లేరు. ఏటీఆర్ పైలట్‌ను తెచ్చి ఎయిర్‌బస్‌లో కూర్చోబెట్టే వీలూ లేదు, లైసెన్సులో ఆ రకం విమానానికి అనుమతి ఉండాలి.

అపోహ: టికెట్టు ఉంటే సీటు ఖాయం

సీట్ల కన్నా ఎక్కువ టికెట్లు అమ్మడం నేరం కాదు. ఎక్కనివ్వకపోతే మాత్రం విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం మన పక్షాన ఉంది. గంటలోపు మరో విమానం చూపిస్తే పరిహారం లేదు. 24 గంటల్లోపు పంపితే ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి దానికి రెండింతలు, రూ.10,000 మించకుండా. అది కూడా దాటితే నాలుగింతలు, రూ.20,000 మించకుండా. కౌంటర్లో వాళ్లంతట వాళ్లు ఈ మాట ఎత్తడం అరుదు, అడగాలి.