స్తంభం కనబడితే గ్రీకేనా?

గ్రీకు కట్టడాల పాఠం మొదలుపెట్టాలంటే జూపాడు బంగ్లా టీచరుకు ఏథెన్స్ ఫొటో అక్కర్లేదు. ఊరి పేరు చాలు. బంగ్లా అనగానే దొరల ఇల్లు గుర్తొస్తుంది గానీ, ఆ మాట బెంగాల్‌లోని గడ్డికప్పు ఇంటిది. ఇంగ్లీషువాళ్లు ఆ ఇంటి తీరు తీసుకుని, వసారా పెంచి, పోనుపోను ముందు గ్రీకు తరహా స్తంభాలు నిలబెట్టారు. ఇన్ని దేశాలు ఒక ఇంట్లో కలిశాక అపోహలు పుట్టకుండా ఉంటాయా?

అపోహ: స్తంభాలుంటే గ్రీకు పోలికే.
వాస్తవం: అహోబిలం మండపాల స్తంభాలకు గ్రీసుతో పనిలేదు. పలకలుగా చెక్కిన రాయి, దానిపైన దూలాన్ని అందుకోవడానికి చేతులు చాచినట్టుండే మరో రాయి మన పద్ధతి. గ్రీకు స్తంభాన్ని తలను బట్టి పోల్చుకోవాలి. సాదా దిండూ దానిపైన చదరపు పలకా ఉంటే డోరిక్, రెండు పక్కలా చుట్టలుంటే అయోనిక్, ఆకుల గుత్తి ఉంటే కొరింథియన్.

అపోహ: కమానులు, గుమ్మటాలు గ్రీకులిచ్చినవే.
వాస్తవం: గ్రీకు గుడిది నిలువురాయి మీద అడ్డరాయి లెక్క. మన రాతి మండపాలదీ అదే లెక్క. అడ్డరాయి పొడవు పెరిగితే నడుమ విరుగుతుంది. అందుకే రెండుచోట్లా స్తంభాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. రెండు డస్టర్ల మీద చాక్‌పీసు అడ్డంగా పెట్టి, వేలితో నొక్కుతూ డస్టర్లను దూరం జరిపి చూపండి, ఈ సంగతి పిల్లలకు నిమిషంలో తెలిసిపోతుంది. కమానును, గుమ్మటాన్ని పెద్దయెత్తున వాడింది రోమన్లు. రోమ్‌లోని పాంథియన్ గుమ్మటం అడ్డకొలత 43 మీటర్లు, అందులో ఇనుము లేదు.

అపోహ: గ్రీకు గుడులు తెల్లగా మెరిసేవి.
వాస్తవం: ఏథెన్స్‌లో క్రీ.పూ. 447–432 మధ్య కట్టిన పార్థినాన్ గుడి చలువరాతిదే. అయినా శిల్పాలకూ పైభాగాలకూ ఎరుపు, నీలం రంగులు పూశారు. ఎండావానలకు అవి రాలిపోయాక మిగిలిన తెలుపునే లోకం గ్రీకు అందం అనుకుంది. రంగుల గాలిగోపురం చూస్తూ పెరిగిన మన పిల్లలకు ఇది వింతేమీ కాదు.

అపోహ: పార్థినాన్‌లో అన్నీ తిన్నని గీతలే.
వాస్తవం: దాదాపు 70 మీటర్ల పొడవున్న పార్థినాన్ అరుగు నడుమ 11 సెంటీమీటర్ల దాకా ఉబ్బి ఉంటుంది. స్తంభాలూ పైకి సన్నబడుతూనే నడుమ కాస్త ఉబ్బినట్టుంటాయి. పైగా అవి ఏకశిలలు కావు, గుండ్రటి రాతి దిమ్మెలను ఒకదానిపై ఒకటి పేర్చినవి.

అపోహ: గ్రీకు శైలిని మనకు తెచ్చింది అలెగ్జాండర్.
వాస్తవం: ఆయన సేన బియాస్ నది దగ్గరే వెనుదిరిగింది. గాంధార శిల్పంలో గ్రీకు ఛాయలున్నా, తెలుగునాట మనం చూసే కొరింథియన్ స్తంభాలు వచ్చిన దారి వేరు. రోమ్ నుంచి 16వ శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియోకు, అక్కణ్నుంచి ఇంగ్లండుకు, చివరికి ఈస్టిండియా కంపెనీ ఇంజనీర్ల చేతికి. హైదరాబాద్ కోఠిలో కంపెనీ ప్రతినిధి (రెసిడెంట్) కిర్క్‌పాట్రిక్ 19వ శతాబ్దం మొదట్లో కట్టించిన రెసిడెన్సీ ఇందుకు సాక్ష్యం. జనం కోఠి మహిళా కళాశాలగా ఎరిగింది దాన్నే. ముందున్న ఎత్తయిన స్తంభాలు రాతివనిపిస్తాయి గానీ, అవి ఇటుకతో కట్టి సున్నం గచ్చుతో నునుపు చేసినవి. రూపం గ్రీసుది, గచ్చు మనది.

అపోహ: కొత్త ఇళ్ల ముందు ఆకుల స్తంభాలే స్లాబును మోస్తాయి.
వాస్తవం: మోసేది లోపలి ఇనుపచువ్వలూ కాంక్రీటూ. పైన కనిపించే ఆకులూ చుట్టలూ అచ్చుపోసి అతికించిన అలంకారమే. కొన్నిచోట్ల స్తంభం మొత్తం బోలు.

పాఠం అయ్యాక పిల్లల్ని ఊళ్లో గుడి దగ్గరికి, కట్టుబడిలో ఉన్న ఒక ఇంటి దగ్గరికి తీసుకెళ్లండి. రెండుచోట్లా స్తంభం తల బొమ్మ గీయించి, కింద రెండు ప్రశ్నలకు జవాబు రాయించండి: ఈ తల ఎక్కడిది? బరువు మోసేది ఏది? రెండో ప్రశ్నకు మేస్త్రీని అడిగినా తప్పులేదు.