పులికాట్ రేవులో అమ్ముడుపోయినవారు

కరువంటే ఏమిటో మా అనంతపురం వాళ్ళకు ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే సీమ మాది. 1876-78 నాటి క్షామాన్ని 'ధాత కరువు' అని మా పెద్దవాళ్ళు నిన్న మొన్నటి సంగతిలా చెప్పేవారు. అయితే కరువు మనిషిని చంపడమే కాదు, అమ్మిస్తుంది కూడా. అలా మనుషులు అమ్ముడుపోయిన రేవు ఒకటి మనకు ఎంతో దూరంలో లేదు.

చెన్నపట్నానికి ఉత్తరంగా సుమారు 55 కిలోమీటర్ల దూరాన, పులికాట్ సరస్సు దక్షిణపు కొసన పులికాట్ ఊరుంది. ఈ సరస్సుకే ప్రళయకావేరి అని మన పేరు. పక్షులను చూడడానికి చలికాలంలో సూళ్ళూరుపేట వైపునుంచి ఎందరో వెళుతుంటారు. మా కాలేజీ పిల్లలను వెంటబెట్టుకుని నేను వెళ్ళింది మాత్రం డచ్చివారి శ్మశానం చూడడానికి.

డచ్చివారిని ఈ తీరానికి రానిచ్చినవాడు పరాయివాడేమీ కాదు. ఒకప్పుడు మా పెనుకొండ నుంచి ఏలిన అరవీటి వెంకటపతిరాయలు 1610లో వారికి పులికాట్‌లో వర్తకం చేసుకోవడానికి అనుమతినిచ్చాడు. 1613 నాటికి అక్కడ గెల్డ్రియా కోట లేచింది. వారు వచ్చింది బట్టల కోసం. పులికాట్ గళ్ళ రుమాళ్ళకు దేశదేశాల్లో గిరాకీ ఉండేది. కాని ఆ ఓడల్లోనే మరో సరుకు కూడా పోయింది. 1619లో జావా దీవిలో బటావియా నగరం స్థాపించిన డచ్చివారికి అక్కడా, చుట్టుపక్కల దీవుల్లోనూ చాకిరీకి మనుషులు కావలసివచ్చారు.

కోట ఇప్పుడు ముళ్ళపొదల కింద కూరుకుపోయిన మట్టిదిబ్బ. శ్మశానాన్ని మాత్రం పురావస్తుశాఖ వారు భద్రంగా కాపాడుతున్నారు. ద్వారం దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు మనల్ని పలకరిస్తాయి. లోపల పెద్ద పెద్ద పలకల మీద డచ్చి భాషలో పేర్లు, తేదీలు, వంశచిహ్నాలు. మూడు వందల ఏళ్ళు దాటినా అక్షరం చెదరని పలకలున్నాయి. శిల్పి పనితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేము.

పిల్లలు వాటిని తడిమి చూస్తూంటే, కదిరి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి అడిగింది: "సార్, ఇవి కొన్నోళ్ళ సమాధులు గదా. అమ్ముడుబోయినోళ్ళవి యాడుండాయి సార్?"

యాడా లేవు. అదే చెప్పాను.

విజయనగర రాజ్యం చీలికలై నాయకులు తమలో తాము పోట్లాడుకుంటున్న రోజుల్లో, 1622-23 ప్రాంతంలో, పులికాట్, దేవనాంపట్నం రేవుల నుంచి సుమారు 1,900 మంది బానిసలుగా ఓడలెక్కారు. చేతిలో డబ్బుంటే మరో రెండువేల మందిని కొనగలిగేవాళ్ళమని ఇక్కడి డచ్చి ఉద్యోగులు పైవారికి రాసుకున్నారు. దళారులకు మనుషులు అంత తేలికగా దొరికారన్నమాట! 1659-61 నాటి తంజావూరు కరువులో ఎనిమిది నుంచి పదివేల మంది సింహళానికీ, బటావియాకూ, మలక్కాకూ తరలిపోయారు. వాన తప్పిన ఏడు గింజల ధర పెరుగుతుంది; మనిషి ధర పడిపోతుంది. ఆకలికి తాళలేక తల్లిదండ్రులు బిడ్డలను అమ్ముకున్నారు, కొందరు తమను తామే అమ్ముకున్నారు. వారిని నిందించే హక్కు కడుపునిండా తిన్న మనకు లేదు.

ఆఫ్రికా దక్షిణపు కొసన డచ్చివారు కట్టిన కేప్‌టౌన్‌కూ మన తీరం నుంచి బానిసలు వెళ్ళారు. అక్కడ యజమానులు వారి అసలు పేర్లు తీసేసి కొత్త పేర్లు పెట్టి, పక్కన 'కోరమాండల్ వారు', 'బెంగాల్ వారు' అని పుట్టిన సీమను తగిలించేవారు. తల్లి పెట్టిన పేరు పోయి, ఊరు పోయి, చివరికి తీరం పేరొక్కటే మిగిలింది. ఆ నగరంలో బానిసలను ఒక చెట్టుకింద అమ్మేవారని చెప్పే గుర్తురాయి ఉంది. దాని దగ్గరలోనే 2008లో పదకొండు నల్లరాతి దిమ్మెలతో స్మారకం నిలిపి, వాటిలో కొన్నిటిపై బానిసల పేర్లు చెక్కారు. నెదర్లాండ్స్ రాజు 2023 జులై 1న ఆమ్‌స్టర్‌డామ్‌లో తమ దేశపు బానిస వ్యాపారానికి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.

మన దేశంలో 1843 చట్టంతో బానిసత్వానికి న్యాయస్థానాల గుర్తింపు పోయింది. 1976లో వెట్టిచాకిరీనీ రద్దుచేశారు. అయినా వానలు ముఖం చాటేసిన ఏడు మా పల్లెల్లో ఇళ్ళకు తాళాలు పడతాయి. ముందుగా ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి బెంగుళూరుకో కేరళకో పోయే కూలీలను మేస్త్రీలు పోగుచేస్తూనే ఉంటారు. దీన్ని బానిసత్వమంటే అతిశయోక్తి కావచ్చు. కాని ఆకలిగొన్నవాడి అవసరాన్ని చూసి బేరమాడే పద్ధతి మాత్రం పాతదే.

డచ్చివారి పలకలను పగలగొట్టమని ఎవరూ అనరు. వాటినీ కాపాడవలసిందే. వాటి పక్కన, సరస్సు కనబడేచోట, మరొక చిన్న రాయికి చోటు దొరక్కపోదు. పేర్లు మనకు తెలియవు గనక పేర్లు రాయనక్కరలేదు. కరువు ఏళ్ళలో ఇక్కడినుంచి మనుషులను అమ్మి ఓడలెక్కించారని తెలుగులోనూ తమిళంలోనూ నాలుగు ముక్కలు చెక్కిస్తే చాలు. ఆ అమ్మాయిలాగా అడిగే పిల్లలకు చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది.