హోటలు ఆసుపత్రి కావాలంటే

జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వైపు వెళ్ళిన వాళ్ళకు సున్నపురాయి గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఆ రాయే ముక్త్యాలలోని కె.సి.పి. కర్మాగారంలో సిమెంటు అవుతుంది. రాయిని బంకమట్టి వంటి వాటితో కలిపి, మెత్తగా పొడి చేసి, గుండ్రంగా తిరిగే పెద్ద కొలిమిలో సుమారు 1450 డిగ్రీల సెంటిగ్రేడు దాకా కాలుస్తారు. మధ్యలో, 900 డిగ్రీల ప్రాంతంలో, సున్నపురాయి విడిపోతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే సున్నం మిగిలేది 56 కిలోలే. తక్కిన 44 కిలోలూ బొగ్గుపులుసు వాయువుగా, అంటే కార్బన్ డయాక్సైడుగా, గాలిలో కలిసిపోతాయి. కొలిమిలో మండిన బొగ్గు లెక్క మళ్ళీ వేరే!

పాత భవనాన్ని పడగొట్టి కొత్తది కడితే ఇదంతా మొదటినుంచీ జరగాలి. అందుకే, గోడలు గట్టిగా ఉన్న భవనానికి కొత్త పని అప్పగించడం తెలివైన పని. ఖాళీగా వదిలేస్తే మాత్రం పగుళ్ళలో వాననీరు దిగుతుంది, రావిమొక్క మొలుస్తుంది. హైదరాబాదులో నిజామత్ జంగ్ 1915లో కట్టించుకున్న హిల్ ఫోర్ట్ ప్యాలెస్ తరువాత రిట్జ్ హోటలైంది. ఆ హోటలు మూతపడ్డాక చాలా ఏళ్ళు ఖాళీగానే పడి ఉంది.

సరే, ఒక పాత హోటలు ఉందనుకుందాం. దాన్ని దేనికి వాడవచ్చు? మొదట బరువు చూడాలి. మన దేశపు ప్రమాణాల ప్రకారం హోటలు పడకగది నేల చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు మోసేలా కడతారు. తరగతి గదికి 300 కావాలి. పుస్తకాల బీరువాలు వరుసగా నిలిపే గ్రంథాలయపు గదికి 600, బీరువాలు ఎత్తయితే ఇంకా ఎక్కువ. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు గల గదిని తీసుకోండి. హోటలు గదిగా అది మోయవలసింది 2400 కిలోలు. గ్రంథాలయం చేస్తే 7200 కిలోలు! కాగితం తేలిక అనుకునేవాళ్ళు ఒక పాఠ్యపుస్తకాల కట్ట ఎత్తి చూస్తే చాలు.

ఆసుపత్రి వార్డుకూ 200 కిలోలే. అంటే బరువు విషయంలో హోటలు ఆసుపత్రికి సరిపోతుందన్నమాట. 2020లో కరోనా వచ్చినప్పుడు మన రాష్ట్రంలోనూ, బయటా ఎన్నో హోటళ్ళు రోగుల కేంద్రాలయ్యాయి. మంచం, స్నానాలగది, తలుపు అన్నీ సిద్ధంగా ఉన్నాయి కదా.

కాని లెక్క బరువుతో అయిపోదు. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో, అలా కరోనా కేంద్రంగా మారిన స్వర్ణ ప్యాలెస్ హోటల్లో అగ్నిప్రమాదం జరిగి పదిమంది చనిపోయారు. ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. హోటలు మెట్లదారి ఆరోగ్యంగా ఉన్న ప్రయాణికుణ్ణి దృష్టిలో పెట్టుకుని కట్టింది. కేక వినగానే లేచి, సంచీ వదిలేసి, అతను కిందికి పరుగెత్తగలడు. ఊపిరందక పడుకున్న రోగి పరుగెత్తలేడు. అతన్ని ఇద్దరు మోయాలి. మలుపులో స్ట్రెచరు తిరగాలి. గోడలు అవే, మెట్లు అవే, మనుషులు మాత్రం మారిపోయారు.

ఇలాంటి ప్రమాదాల్లో మంటకన్నా పొగే ఎక్కువమందిని చంపుతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. పైగా వేడిపొగ తేలిక కనుక పైకి పోతుంది. తలుపులు లేని మెట్లదారి దానికి పొగగొట్టం లాంటిది. అందుకే హోటలును ఆసుపత్రి చేసేముందు మెట్లదారికి పొగ ఆపే తలుపులు, రెండో మెట్లదారి, స్ట్రెచరు పట్టే వెడల్పు ఉన్నాయో లేదో చూసుకోవాలి. కొత్త రంగు వేయించడం ఆ తరువాతి సంగతి.

దీన్ని మీరు పెద్దవాళ్ళ ఎదుట చేసి చూడవచ్చు. రెండువైపులా తెరిచివున్న రేకు గొట్టాన్ని రెండు ఇటుకలపై నిలబెట్టి, కింద చిన్న కొవ్వొత్తి వెలిగించండి. అగరువత్తిని గొట్టం అడుగున పట్టుకోండి. పొగ లోపలికి లాక్కుపోయినట్టు వెళ్ళి పైనుంచి వస్తుంది. ఇప్పుడు పైన ఒక పళ్ళెం మూయండి. గొట్టం నిండిన పొగ కాసేపటికి కిందినుంచే బయటికి పరుచుకుంటుంది. మేడమీది తలుపుకు తాళం వేసిన మెట్లదారిలో జరిగేది ఇదే.