సరకు నప్పగించు విధము

నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ రాతిశిల్పములకు పేరుగన్న పట్టణము. ఇచటి శిల్పులు దేవతావిగ్రహములను, మహనీయుల ప్రతిమలను మలచి దూరప్రాంతములకు పంపుచుందురు. కర్నూలునుండి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా కడపకు సాగు 40వ నంబరు జాతీయ రహదారి యీ శిల్పములకు ముఖ్యమైన బాట.

నంద్యాల ప్రాంతపు బియ్యమును ఈ దారినే లారీలపై పోవును. కాని బియ్యపు బస్తా చినిగినచో గింజల నెత్తుకొనవచ్చును. విగ్రహమునకు వ్రేలొకటి విరిగినను అది ప్రతిష్ఠకు పనికిరాదు. భిన్నమైన మూర్తిని పూజింపరాదని మన ఆచారము. శిల్పి పడిన నెలల శ్రమ ఒక్క కుదుపుతో వ్యర్థమగును. కావున రవాణా సంస్థ నెన్నుకొనుట మిక్కిలి మెలకువతో చేయవలసిన పని.

మొదట, ఆ సంస్థకు ప్రభుత్వ నమోదు కలదా యని విచారింపవలెను. 1865 నాటి పాత చట్టమునకు బదులుగా వచ్చిన 2007 నాటి రోడ్డు రవాణా చట్టము ప్రకారము, అందరి సరకును బాడుగకు మోయు సంస్థ నమోదు పొందియుండవలెను.

రెండవది, సరకును చూడకయే బాడుగ చెప్పువాని మాట నమ్మరాదు. ఘనపుటడుగు నల్లరాయి ఇంచుమించు 75 కిలోల బరువుండును. అనుభవము గలవాడు ముందుగా వచ్చి, కొలతలు తీసి, ఎత్తుట కెట్టి యంత్రము కావలెనో, విగ్రహము క్రింద ఇసుక బస్తాలు, గడ్డి ఎట్లు పరువవలెనో, ఏ భాగముపై త్రాడు పడకూడదో వివరించును.

మూడవది మిక్కిలి ముఖ్యము. సరకు వివరములను, విలువను వ్రాసియిచ్చి, సంస్థనుండి రసీదు పొందవలెను. చట్టము ననుసరించి, అధిక బాధ్యతకై ప్రత్యేకమైన ధర చెల్లింప నొప్పుకొననిచో, నష్టమునకు సంస్థ బాధ్యత సాధారణముగా బాడుగకు పదిరెట్లకు మించదు. ఉదాహరణమునకు, మూడు లక్షల రూపాయల విగ్రహమునకు బాడుగ 8,000 రూపాయలైనచో, పరిహారము 80,000 రూపాయలతో ఆగిపోవును. అదనపు ధర కొంత చెల్లించుటకు వెనుదీసినవాడు మిగిలిన 2,20,000 రూపాయలు నష్టపోవును. తక్కువ బాడుగ యన్నంతనే లాభమని తలచుట పొరపాటు.

నాలుగవది, లారీకి బీమా యున్నదనిన చాలదు. లారీ బీమా వేరు, అందలి సరకు బీమా వేరు. రెండవదానిని విడిగా అడిగి తీసికొనవలెను.

గమ్యము చేరిన పిదపను జాగ్రత్త విడువరాదు. లారీవారి సమక్షమునందే కట్లు విప్పి, ఛాయాచిత్రములు తీసి, దెబ్బ కనిపించినచో రసీదుపై వ్రాసి, అటుపిమ్మటనే సంతకము చేయవలెను. దావా వేయవలసి వచ్చినచో, సరకు బుక్ చేసిన నాటినుండి 180 దినములలోపల సంస్థకు వ్రాతమూలకముగా తెలియజేసియుండవలెను. గడువు దాటినచో న్యాయస్థానము తలుపు మూసికొనును.

మంచి సంస్థ యీ ప్రశ్నలకు విసుగు చెందదు. తానే ముందుగా కాగితము తెచ్చి చూపును. "మామీద నమ్మకము లేదా?" యని కాగితమును దాటవేయువాని కంటె, నమ్మకమును వ్రాతలో పెట్టువాడే నమ్మదగినవాడు. ఇది విగ్రహమునకే కాదు. ఇల్లు మారునప్పటి సామానునకు, వాహనమునకు, విత్తనపు బస్తాకును వర్తించును.